ఊపు వేరు, బలం వేరు

మొన్న శనివారం సాయంత్రం మా పై ఫ్లోర్‌లో ఉండే అమ్మాయి, కొడుకు యూనిట్ టెస్టు పేపరు పట్టుకుని వచ్చింది. పిల్లాడు తొమ్మిదో తరగతి. పాతికకి పదిహేను వచ్చాయి. "మాస్టారూ, చలనం పాఠం అంతా నోటికొచ్చు వీడికి. సూత్రాలు అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాడు. అయినా ఈ మార్కులేంటో చూడండి" అంది. చూశాను. లెక్కలు దాదాపు అన్నీ సరిగానే చేశాడు. పోయినవన్నీ చిన్న చిన్న ప్రశ్నల దగ్గర. అందులో ఒకటి: నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి అన్నిటికన్నా ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? కుర్రాడు 'సున్నా' అని రాశాడు. పక్కన ఎర్ర ఇంకుతో అడ్డగీత.

"సున్నాయే కదండీ మరి? అక్కడ ఆగుతుంది కదా?" అంది.

"మీ ఆయన్ని అడిగావా అమ్మా?"

"అడిగాను. ఆయనా సున్నాయే అన్నారు." కాస్త గొంతు తగ్గించి, "ఆయనది మెకానికల్ బీటెక్" అంది.

నాకు నవ్వొచ్చింది కానీ ఆ బీటెక్‌ని చూసి కాదు. ముప్ఫై ఏళ్ల కిందట కొత్తగా టీచరై, ఇదే ప్రశ్నకి నేనూ ఒక క్షణం తడబడ్డాను. ఎదురుగా అరవైమంది పిల్లలు.

బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి విసిరామనుకోండి. గురుత్వ త్వరణం 9.8 అయినా లెక్క తేలిగ్గా ఉండాలని 10 అనే తీసుకుందాం. ఒక సెకను గడిచేసరికి వేగం సున్నా. మరో సెకనుకి కిందికి 10. ఈ రెండు సెకన్లూ వేగం ఒకే తీరున మారుతూ వచ్చింది, మధ్యలో సున్నా అనే మైలురాయిని దాటుకుంటూ పోయింది, అంతే. త్వరణం అంటే వేగం కాదు, వేగంలో వచ్చే మార్పు. పైన ఆ మార్పు కూడా సున్నా అయిపోతే బంతి ఇక కిందికి రాదు. దేనికీ కట్టకుండానే సీలింగ్ ఫ్యానులా అక్కడే ఉండిపోవాలి. ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి తలెత్తి మా ఫ్యాను వంక చూసి, "అయ్యో, అవును కదా" అంది. పేపరు మడిచి పెట్టేసింది.

ఆ పిల్లాడికి చీవాట్లు పెట్టే ముందు, ఇదే తప్పు చేసిన పెద్దమనుషులు ఎవరెవరో చూడండి. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్, తోసేది ఏదో ఒకటి లేనిదే వస్తువు కదలదన్నాడు. వింటిని వదిలాక బాణాన్ని తోసేదెవరయ్యా అంటే, గాలి అన్నాడు. ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న ఫిలోపోనస్‌కి ఆ జవాబు నచ్చలేదు. విసిరే చెయ్యే వస్తువులోకి ఏదో శక్తి ఎక్కిస్తుంది, అది ఖర్చయ్యేదాకా వస్తువు పోతూ ఉంటుందన్నాడు. పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ దానికి ఇంపెటస్ అని పేరు పెట్టి ఇంకాస్త మెరుగుదిద్దాడు. గెలీలియో అంతటివాడు కూడా పీసాలో పాఠాలు చెప్పుకునే కుర్రరోజుల్లో, పైకి విసిరిన రాయిలో చెయ్యి నింపిన బలం మెల్లగా తరిగిపోతుందనే రాసుకున్నాడు. ఆ ఆలోచనలోంచి బయటపడి, పడే వస్తువుల లెక్క తేల్చిన ఆయన పుస్తకం అచ్చయ్యేసరికి 1638 వచ్చింది, ఆయనకి 74 ఏళ్లు వచ్చాయి. న్యూటన్ ప్రిన్సిపియా వెలువడింది 1687లో. సుమారు రెండు వేల ఏళ్ల పాటు పెద్దపెద్ద బుర్రలు తడబడిన చోట మనవాడు రెండు వారాల్లో గట్టెక్కలేదని "ఇంత చిన్న విషయం కూడా రాదా" అంటే ఎలా?

ఇది స్కూలు పిల్లల సమస్య కూడా కాదు. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనిస్, ఇంకా ఇద్దరు కలిసి, లెక్కలేవీ అక్కర్లేకుండా బలం గురించి మామూలు మాటల్లో అడిగే ఒక ప్రశ్నపత్రం తయారు చేశారు. పైకి విసిరిన బంతి మీద ఏయే బలాలున్నాయి అన్నది కూడా అందులో ఉంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజుర్, మా పిల్లలకి ఇవేం లెక్క అనుకుంటూ ఇలాంటి ప్రశ్నలే తన విద్యార్థులకి ఇచ్చాడు. కష్టమైన లెక్కలు అలవోకగా చేసేవాళ్లు ఆ మామూలు ప్రశ్నల దగ్గర బోల్తాపడ్డారు. దాంతో ఆయన పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నాడు. సూత్రం నోటికి వచ్చినంత మాత్రాన పాత నమ్మకం ఖాళీ చేసి వెళ్లిపోదు. రెండూ ఒకే ఇంట్లో వేరు కాపురాలు పెట్టుకుని ఉంటాయి. పరీక్షలో ఒకటి పనిచేస్తుంది, రోడ్డు మీద ఇంకొకటి.

ఆ పాత నమ్మకం పిల్లాడికి ఎక్కడినుంచి వచ్చిందీ అంటే, మన నోటినుంచే. కుళాయిలో నీళ్లు ఫోర్సుగా వస్తున్నాయంటాం. లారీ ఫోర్సు మీద వచ్చి గుద్దిందంటాం. బంతిలో ఇంకా ఫోర్సు ఉంది, బౌండరీ దాటుతుందంటాం. కదిలే వస్తువు లోపల ఫోర్సు అనేదేదో పోసి పెట్టినట్టు మాట్లాడతాం. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వింటున్న పిల్లాడు, పైకి పోతున్న బంతి మీద ఏ బలం ఉందని అడిగితే "చెయ్యి పెట్టిన ఫోర్సు" అని రాయడంలో వింతేముంది? తెలుగు మాట 'బలం'తో చిక్కు ఇంకో రకం. పాలు తాగితే బలం, టానిక్కు బలం, పార్టీకి బలం. పాఠంలో బలం వీటిలో ఏదీ కాదు.

అయితే అదే తెలుగులో ఒక చక్కటి మాట ఉంది: ఊపు. ఉయ్యాల ఊపు మీదుంది అంటాం. పరుగెత్తి వచ్చిన పిల్లాడు ఊపులో గోడకి గుద్దుకున్నాడంటాం. పుస్తకంలో ద్రవ్యవేగం అనేది దాదాపు ఇదే. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. లారీలో ఉన్నది ఊపు, దాన్ని తగ్గించేది బ్రేకు పడ్డాక టైర్లకీ రోడ్డుకీ మధ్య పుట్టే బలం. చేతిని వదిలిన బంతిలో ఉన్నది ఊపు. దాన్ని క్షణక్షణం తరిగేసి, ఆపై కిందివైపు పెంచేది భూమి లాగే బలం. పిల్లాడు చూసింది తప్పు కాదు, పెట్టిన పేరు తప్పు. నా క్లాసులో ఈ ఒక్క పేరు మార్పుతో మొహాలు విప్పారిన పిల్లలు ఎంతమందో. ఇంగ్లీషు మీడియం వాళ్లకి కూడా ఇంట్లో ఈ మాట చెప్పండి. మొమెంటమ్ అన్న మాట దానంతటదే వచ్చి దాని పక్కన కూర్చుంటుంది.

ఇంకా అనుమానంగా ఉంటే ఒక్క ప్రశ్న అడగమనండి: ఆ బలం పెడుతున్నదెవరు, ఎవరి మీద? బలం అంటే ఎప్పుడూ ఇద్దరి మధ్య వ్యవహారం. గాల్లో ఉన్న బంతిని ఇప్పుడు ఎవరు ముట్టుకుంటున్నారు? చెయ్యి వదిలేసింది. గాలి కాస్త అడ్డు పడుతోంది. ముట్టుకోకుండా లాగేది భూమి. ఇంకెవరూ లేరు. లేనివాళ్ల పేరు మీద బలం రాయకూడదు. ఈ తీరున అడగటానికి మీరు ఫిజిక్సు చదివి ఉండక్కర్లేదు. నిజానికి చదవనివాళ్లే బాగా అడుగుతారు, చదివినవాళ్లు జవాబు చెప్పేస్తారు.

నేను తల్లిదండ్రుల్ని బతిమాలేది కూడా అదొక్కటే. జవాబు చెప్పెయ్యకండి. ముందు ఊహించమనండి, పందెం కాయండి, ఆ తరవాత ఇద్దరూ కలిసి చేసి చూడండి. ముందు ఊహించకుండా చేసిన ప్రయోగం టీవీ చూసినట్టే, చూసి మర్చిపోతారు. తన ఊహ ఓడిపోయిన ప్రయోగాన్ని పిల్లాడు మర్చిపోడు.

కొత్త అయిదొందల నోటు ఒకటి తియ్యండి. పొడవు వైపు నిలువుగా ఉండేట్టు పై అంచు దగ్గర పట్టుకోండి. పిల్లాడిని బొటనవేలూ చూపుడువేలూ నోటుకి తగలకుండా మధ్యలో, గాంధీగారి బొమ్మకి అటూ ఇటూ పెట్టమనండి. "నేను వదిలేస్తా, పట్టుకుంటే నోటు నీది" అనండి. చెప్పకుండా వదలండి. నోటు జారిపోతుంది. మళ్లీ వదలండి, మళ్లీ జారుతుంది. నోటు పొడవు 15 సెంటీమీటర్లు, వేళ్ల కింద ఉన్నది అందులో సగం, అంటే ఏడున్నర. అంత దూరం పడటానికి ఎనిమిదో వంతు సెకను చాలు. కన్ను చూసి, మెదడుకి చేరి, వేళ్లు మూసుకోవటానికి మామూలుగా అయిదో వంతు సెకనైనా కావాలి. గురుత్వాకర్షణ తరఫున ఆడుతున్నారు కనక మీ నోటు భద్రం. (ఊహించుకుని ముందే వేళ్లు మూసే గడుగ్గాయిలుంటారు. అప్పుడు పోతుంది, నాకు పోయింది.)

అక్కడితో ఆపకండి. ఇప్పుడు 30 సెంటీమీటర్ల స్కేలు తెచ్చి, సున్నా దగ్గర వేళ్లు పెట్టమని, వదలండి. 20 దగ్గర పట్టుకున్నాడనుకోండి. పడ్డ దూరం అంటే గురుత్వ త్వరణంలో సగం ఇంటూ కాలం, ఇంటూ మళ్లీ కాలం. 0.2 మీటర్లని 4.9తో భాగించి వర్గమూలం తీస్తే 0.2 సెకను. పుస్తకంలో ప్రాణం లేకుండా పడున్న సూత్రం అతని సొంత చేతి చురుకుని కొలిచింది. చెల్లెలి చెయ్యి కొలుస్తాడు, తాతయ్య చెయ్యి కొలుస్తాడు. ఆ సాయంత్రం మీరు సూత్రం అప్పజెప్పించుకోవాల్సిన పని లేదు.

బరువైనది ముందు పడుతుందన్న నమ్మకం ఇంకా మొండిది. పది రూపాయల బిళ్ల, దానికన్నా కాస్త చిన్నగా గుండ్రంగా కత్తిరించిన కాగితం ముక్క. రెంటినీ చెరో చేత్తో వదిలితే బిళ్ల ముందు, కాగితం వగలుపోతూ తరవాత. "చూశావా, బరువైనది ముందు పడింది" అంటాడు. ఈసారి కాగితాన్ని బిళ్ల మీద పెట్టి, బిళ్లని అడ్డంగా పట్టుకుని వదలండి. పందెం మర్చిపోకండి. రెండూ అతుక్కున్నట్టు కలిసే పడతాయి. కాగితం బరువు పెరగలేదు, దాని దారిలో గాలి అడ్డు మాత్రం తప్పింది. 1971 ఆగస్టులో అపోలో 15లో వెళ్లిన డేవిడ్ స్కాట్ గాలే లేని చంద్రుడి మీద సుత్తినీ డేగ ఈకనీ ఒకేసారి వదిలిన వీడియో ఉంది. బిళ్ల ఆట అయ్యాక చూపించండి, ముందు కాదు.

చర్య, ప్రతిచర్య దగ్గర పిల్లలు అడిగే ప్రశ్న ఒకటి మంచి మంచి టీచర్లకే నీళ్లు తాగిస్తుంది. ఎద్దు బండిని లాగినంత బలంతో బండీ ఎద్దుని వెనక్కి లాగుతుంటే, రెండూ చెల్లుకు చెల్లయిపోయి బండి కదలకూడదు కదా? ఈ ప్రశ్న మీ పిల్లాడు అడిగాడంటే పాఠం అర్థం కాలేదని కాదు, అర్థమవుతోందని. చెల్లుకు చెల్లు కావాలంటే రెండు బలాలూ ఒకరి మీదే పడాలి. ఇక్కడ ఒకటి బండి మీద, ఒకటి ఎద్దు మీద. పక్కింటాయన ఖాతాలో డబ్బు పడితే మన అప్పు తీరదు. మరి ఎద్దు ముందుకు ఎలా పోతోందంటే, గిట్టలతో నేలని వెనక్కి తంతోంది, నేల దాన్ని ముందుకు తోస్తోంది. నమ్మకపోతే నున్నటి టైల్స్ మీద సాక్సులు వేసుకుని బీరువా తొయ్యమనండి. బీరువా ఉన్నచోటే ఉంటుంది, మనవాడు వెనక్కి జారతాడు. సాక్సులు విప్పి తొయ్యమనండి. కండ అదే, నేల పట్టు మారింది. ఘర్షణ అనగానే టైర్లు అరిగేది, ఆయిలు వేసి వదిలించుకోవాల్సిందని చదువుకుంటారు గానీ, అది లేకపోతే గుమ్మం దాటి అడుగు వెయ్యలేం.

ఇక అంతరిక్షం సంగతి. ఇందులో పిల్లలకన్నా మనమే ఎక్కువ తప్పు చెప్తాం. "పైన గురుత్వాకర్షణ ఉండదు నాన్నా, అందుకే తేలతారు" అని చెప్పని తండ్రి నాకు కనపడలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది మన తలమీద దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో. హైదరాబాదు నుంచి తిరుపతికి రోడ్డు దూరం అంతకన్నా ఎక్కువ. భూమి లాగుడు అక్కడా నేలమీద ఉన్నదాంట్లో పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. వ్యోమగాములు తేలడం లేదు, పడుతున్నారు, కేంద్రంతో సహా. సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్ల వడితో పక్కకి పోతూ పడుతున్నారు కనక, వాళ్లు పడిన మేరకి భూమి కూడా గుండ్రంగా వంగి కిందికి తప్పుకుంటోంది. శ్రీహరికోటలో ప్రయోగం చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, రాకెట్టు నిలువుగా లేచి కాసేపటికే సముద్రం వైపు ఒరిగిపోతుంది. ఎత్తుకు పోవడం అందులో తేలికపాటి భాగం, ఆ పక్క వడి సంపాదించడమే అసలు ఖర్చు. మీ అబ్బాయిని ఎప్పుడైనా అక్కడి గ్యాలరీకి తీసుకెళ్తే అది ఎందుకు ఒరుగుతుందో ముందే చెప్పకండి. మెడ నొప్పి పుట్టేదాకా చూసి అతనే అడుగుతాడు.

ద్రవ్యరాశి, భారం తేడాకి చంద్రయాన్-3 దగ్గరి ఉదాహరణ. 2023 ఆగస్టు 23న దిగిన ల్యాండరులోంచి బయటికొచ్చిన ప్రజ్ఞాన్ రోవరు 26 కిలోలు. చంద్రుడి మీద దాన్ని పాత పేపర్లవాడి స్ప్రింగు కాటాకి తగిలిస్తే ముల్లు నాలుగు కిలోల చిల్లర దగ్గర ఆగుతుంది. అదే మన కిరాణా కొట్టు తక్కెడలో పెట్టి, రెండో పళ్లెంలో రాళ్లు వేసి తూస్తే అక్కడ కూడా 26 కిలోల రాళ్లే పడతాయి. ఎందుకని? స్ప్రింగు లాగుడుని కొలుస్తుంది, లాగుడు ఆరో వంతయింది. తక్కెడ రెండు పళ్లేల లాగుడునీ పోల్చి చూస్తుంది, రెండూ ఆరో వంతయ్యాయి. ఈ ప్రశ్నని భోజనాల దగ్గర వదిలి మీరు మజ్జిగన్నం కలుపుకోండి. తెగేసరికి చెయ్యి ఎండిపోతుంది.

పరీక్షలున్నాయి కదా, ఈ ఆటలతో మార్కులొస్తాయా అని ఆ అమ్మాయి కూడా అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ అంటూ గోడ నిండా సూత్రాల చార్టులు అంటించే రోజుల్లో ఉన్నాం. నేను సూత్రాలకి శత్రువుని కాను, లెక్కలు చెయ్యకుండా ఫిజిక్సు రాదు. లెక్క మొదలుపెట్టే ముందు ఒక బొమ్మ గీసి ఎవరు ఎవర్ని ఎటు తోస్తున్నారో బాణాలు వెయ్యమనండి. జవాబు వచ్చాక అది నమ్మదగ్గదా అని చూడమనండి. సైకిలు వేగం గంటకు 300 కిలోమీటర్లని తేల్చి, కింద రెండు గీతలు కొట్టి తరవాతి లెక్కకి పోయిన పిల్లల్ని చూశాను. గంటకు కిలోమీటర్లని సెకనుకు మీటర్లలోకి మార్చాలంటే 5తో గుణించి 18తో భాగించడం కూడా వేళ్లకి అలవాటవ్వాలి.

ఆ మార్పిడితోనే ఒక లెక్క తప్పకుండా చేయించండి, సిలబస్ కోసం కాదు. ఈ వయసు పిల్లల కన్ను స్కూటీ తాళం మీదే ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. అనుకోకుండా కుక్క అడ్డొస్తే, చూసి తేరుకుని బ్రేకు మీద చెయ్యి పడటానికి ఒక సెకను పట్టిందనుకుందాం. బ్రేకు పడకముందే 11 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద ఆగటానికి ఇంకో 9 మీటర్లు. అదే 80 మీద వెళ్తే బ్రేకు పడ్డాక ఎంత దూరం? పిల్లాడు 18 అంటాడు. లెక్క చెయ్యమనండి. వేగం వర్గం అవుతుంది, 36 వస్తుంది. వడి రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు. లైసెన్సు రాని వయసులో బండి ఎందుకివ్వనన్నారో మీరు చెప్తే గొడవ, సొంత చేత్తో వేసిన లెక్క చెప్తే కాస్త ఆలోచిస్తాడు.

ఇంతకీ పై ఫ్లోరు వాళ్ల ఇంట్లో ముల్లు తిరిగే పాతరకం బరువు మిషను ఉందట. దాన్ని లిఫ్టులో పెట్టి ఎక్కమన్నాను. పైకి పోతున్నప్పుడు ముల్లు ఏం చేస్తుందో ముందే ఇంటిల్లిపాదీ విడివిడిగా కాగితం మీద రాసి మడిచి పెట్టాలన్నది షరతు. ఆ రాత్రే చేశారు. పైకి పోతున్నంతసేపూ బరువు ఎక్కువ చూపిస్తుందని తండ్రి రాశాడు. తల్లి కూడా అంతే. కుర్రాడు చాలాసేపు పెన్ను నమిలి, "లిఫ్టు ఊపు అందుకునేటప్పుడు మాత్రమే ఎక్కువ, తరవాత మామూలు, ఆగేటప్పుడు తక్కువ" అని రాశాడట. అయిదో అంతస్తుకి పోయేలోగా ముల్లు ఒక్కసారి లేచి, మధ్యదారిలో మళ్లీ మామూలు బరువు దగ్గరికొచ్చి నిలబడి, ఆగబోతూ కిందికి దిగింది.

మర్నాడు ఆ అమ్మాయి ఇదంతా చెప్తుంటే, "మీ ఆయన ఏమన్నాడమ్మా?" అని అడిగాను.

"లిఫ్టు పాతది, ముల్లు వదులుగా ఉంది అన్నారు" అంది.

ఆ రాత్రి పదిన్నరకి, అందరూ పడుకున్నాక, లిఫ్టు కదిలిన చప్పుడైంది. పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, మళ్లీ పైకి వెళ్లింది. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరు సార్ అదీ?" అని రెండుసార్లు కేకేశాడు. ఎవరూ పలకలేదు.